గోరంత గుడ్డముక్క

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడు బ్యాంకులో తప్ప ఎక్కడా లేరు. వీధిలో అందరికీ ఆమె టేపమ్మ. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు అరుదు. కూరల దుకాణానికి వెళ్ళినా మెడలో టేపే, ఆస్పత్రికి వెళ్ళినా టేపే. ఒకసారి బంధువుల ఇంట్లో ఫొటోకి అలాగే నిలబడితే, "నీకు వేరే నగ అక్కర్లేదోయ్" అన్నాడు భర్త. ఆయన ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసి అంకెలు రాసుకునే మనిషి. మొగుడూ పెళ్ళామూ ఇద్దరిదీ అంకెల బతుకే. తేడా ఏమిటంటే ఆయన అంకెలు గోడల మీద అందరికీ కనిపిస్తాయి, ఆమెవి ఎవరికీ కనిపించకూడదు.

దుకాణమంటే వేరే ఏమీ కాదు, ఇంటి ముందుగది. వీధివైపు కిటికీ, కిటికీ కింద రెండు మిషన్లు, మధ్యలో కత్తిరింపు బల్ల. ఆ బల్ల ఒకప్పుడు ఏదో పాత ఇంటి తలుపు. గొళ్ళెం ఊడదీసిన చోట గుంట ఇంకా ఉంది, సుద్దముక్క అందులో పెట్టుకుంటుంది. ఒక మూల పరదా, పరదా వెనక నిలువుటద్దం. కొలతలు తీసేది అక్కడే. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆడవాళ్ళ కోట్లు, గౌన్లు, జాకెట్లు కుడుతోంది. ఎవరైనా పక్కింటి కబుర్లు అడిగితే నోట్లో గుండుసూదులున్నాయని సైగ చేసి తప్పించుకుంటుందని గిట్టనివాళ్ళంటారు. గిట్టేవాళ్ళూ అదే అంటారు.

ఈ నోరు మెదపని అలవాటు కుట్టు నేర్పిన మాస్టారి దగ్గర అంటుకున్నది. కొలత తీసేటప్పుడు నోరు ముయ్యాలి, రాసేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవాలి అనేవాడాయన. నడుము ఎంతో ఎవరైనా పైకి చదివారా, చెక్క స్కేలు వేళ్ళ మీద పడేది. ఇంకో పద్ధతి కూడా ఆయన నేర్పిందే. ఎవరికి ఏం కుట్టినా ఆ గుడ్డలోంచి గోరంత ముక్క కత్తిరించి, పుస్తకంలో వాళ్ళ కాగితం మూలన పిన్ను కొట్టి ఉంచాలి. పేర్లు మరిచిపోతాం గానీ గుడ్డని మరిచిపోమని ఆయన వాదన. మాస్టారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు మాత్రం ఇప్పటికీ తలా ఒక పుస్తకం, పుస్తకం నిండా గోరంత ముక్కలు దాచుకునే ఉన్నారు. టేపమ్మవి అట్ట వేసిన తొమ్మిది పుస్తకాలు, తాళమున్న బీరువాలో పైఅర.

మాస్టారి కుట్టుబడిలో ఆమెకు ఇద్దరు స్నేహితురాళ్ళు. ఒకామె కాలరక్క. కాలరు కుట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు, ఆ సంగతి ఆమే చెబుతుంది. బస్సులో రెండు గంటల దూరంలో ఉన్న ఊళ్ళో ఉంటుంది. రెండో ఆమె గుండీ. పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది కాబట్టి గుండీ. పైగా గుండీ కాజాలు కుట్టడంలో ఆమె చెయ్యి మిషన్ కంటే నయం. ఉండేది ఈ ఊళ్ళోనే, రైలు పట్టాలకు అవతల. నోట్లో నువ్వుగింజ నానదని ఆమెకు పేరు. ఒకామె గౌను బిగుతైందని ఉదయం తెలిస్తే, మధ్యాహ్నానికల్లా కాలరక్కకు రెండు గంటల దూరంలో తెలిసిపోయేది. అయినా ముగ్గురూ ఒకరంటే ఒకరికి ప్రాణం. నెలకొకసారి ఫోన్లో తిట్టుకోకపోతే ఏదో వెలితిగా ఉంటుంది వాళ్ళకి.

ఆ ఏడు టేపమ్మ కుడి మణికట్టు మొండికేసింది. కత్తెర పట్టుకుంటే బొటనవేలు మొద్దుబారిపోతోంది. రాత్రిళ్ళు చెయ్యి తిమ్మిరెక్కి నిద్ర లేదు. నరం నొక్కుకుపోయింది, చిన్న ఆపరేషన్ చెయ్యాలి, ఆరువారాలు కత్తెర ముట్టుకోకూడదు అన్నాడు డాక్టరు. సోమవారం అని తారీఖు కూడా వేసేశాడు. చేతిలో పదకొండు కుట్టుపనులున్నాయి. అన్నీ మాట ఇచ్చినవే.

"దానికంత ఏడుపెందుకే, మేమిద్దరం లేమా?" అంది కాలరక్క ఫోన్లో. "పదకొండు కాగితాలూ ఫొటోలు తీసి పంపు. ఎవరికి ఏది అనువో చూసుకుని పంచుకుంటాం. గుడ్డలు తర్వాత పంపుదువుగాని."

"బడి గ్రూపులో పెట్టేయక్కా, అందులో అయితే ఇద్దరికీ ఒకేసారి వస్తాయి" అంది గుండీ, ఆమెకు చేస్తే.

బడి గ్రూపులో నలభై ఇద్దరున్నారు. మాస్టారి దగ్గర నేర్చుకున్నవాళ్ళంతా అందులోనే.

ఆ పదకొండింటిలో పది కాగితాలతో పెద్ద పేచీ లేదు. ఎవరిదైనా నడుమో భుజమో పదిమందికీ తెలిస్తే సిగ్గుపడతారు, తిట్టిపోస్తారు, అంతటితో పోతుంది. పదకొండోది అలాంటిది కాదు. అది ఆడపిల్లల హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్‌ది.

నాలుగేళ్ళ కిందట ఆవిడ ఎండవేళ, వీధిలో ఎవరూ లేనప్పుడు వచ్చింది. పరదా వెనక్కి వెళ్ళి పైకోటు విప్పింది. ఎడమవైపు రొమ్ము తీసేశారు. కుట్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. టేపమ్మ ఒక్క ప్రశ్న అడగలేదు. ఎప్పటిలాగే నోరు మూసుకుని కొలిచి, చెయ్యి అడ్డం పెట్టుకుని రాసుకుంది. ఎడమ రెండంగుళాలు తక్కువ, లోపల సంచి. సంచి అంటే కోటు లోపలి అస్తరుకి కుట్టే చిన్న జేబు. అందులో దూదిమెత్త పెడితే పైకి రెండు వైపులా సమానంగా కనిపిస్తుంది. ఆ మెత్తను కూడా టేపమ్మే కుట్టింది, బరువు చాలకపోతే ఒకటికి నాలుగుసార్లు విప్పి కుట్టింది. వెళ్ళేముందు ఆవిడ ఒక్క మాట అడిగింది. "ఇది ఈ గదిలోనే ఉంటుందా?" ఉంటుందంది టేపమ్మ. ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. స్కూల్లో అయితే ఆవిడ సెలవు మీద చెల్లెలి ఇంటికి వెళ్ళొచ్చిందనే అనుకున్నారు.

ఇప్పుడావిడ ఉద్యోగం నుంచి దిగిపోతోంది. రెండు వారాల్లో వీడ్కోలు సభ. దానికి కొత్త కోటు కావాలి. కుట్టలేనని చెబితే ఆవిడ కొత్త టైలరు ముందు, కొత్త గదిలో, మళ్ళీ పైకోటు విప్పాలి.

"కాగితాలు కూడా గుడ్డలతో పాటు పార్సిల్లో పెట్టేస్తే సరిపోయేదానికి" అన్నాడు మొగుడు మీటర్లాయన.

"పోయినేడు కాలరక్కకి పంపిన మూట బస్సాఫీసులో రెండ్రోజులు నోరు తెరుచుకుని పడుంది, గుర్తులేదూ? గుడ్డ పోతే కొనిస్తాను. ఆ కాగితం పోతే ఏం కొనిస్తాను?"

ఆయన మళ్ళీ పేపరు చదువుకున్నాడు.

టేపమ్మ ఏ దారాన్నీ లాగి చూడకుండా కొనదు. కాగితాలు ఫోన్లో పంపే విషయంలోనూ అదే చేసింది. బుధవారం పొద్దున్నే జిరాక్సు షాపుకి వెళ్ళి, ఒట్టి కాగితం ఒకటి ఇచ్చి స్కాన్ చెయ్యమంది. అతను చేసి పెట్టాడు. చెయ్యడం బాగానే చేశాడు గానీ, అతని కంప్యూటరు తెర మీద వరసగా ఎవరి జీతం కాగితమో, ఎవరి రక్తపరీక్షో, ఎవరి విడాకుల నోటీసో తెరిచిన పుస్తకంలా కనిపిస్తున్నాయి.

"ఇవన్నీ ఎవరివి బాబూ?"

"వచ్చినవాళ్ళవేనండీ. మళ్ళీ కావాలంటే వెతుక్కోకుండా ఉంటుందని ఉంచేస్తాను."

ఎంత మంచివాడో. టేపమ్మ దణ్ణం పెట్టి బయటపడింది. ఫొటోలు తన ఫోనుతో తానే తీసుకుంటే సరి అనుకుంది.

తర్వాత మేనకోడలికి ఫోన్ చేసింది. అన్నయ్య కూతురు లాయరు ఆఫీసులో పనిచేస్తుంది. రోజంతా ఎవరెవరి రహస్యాలో తాళాలు వేసి అటూ ఇటూ పంపడమే దాని ఉద్యోగం.

"ఫొటోలన్నీ ఒక చోట పెట్టి లింకు పంపొచ్చు అత్తా. కానీ లింకు ఉన్న ప్రతివాళ్ళకీ తెరుచుకునేలా పెట్టావంటే, దుకాణం తాళంచెవి గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా కింద పెట్టినట్టే."

విన్నదాన్ని ఊరికే నమ్మితే ఆమె టేపమ్మ ఎందుకవుతుంది! ఒట్టి కాగితం ఫొటోతో లింకు ఒకటి తయారుచేసి మొగుడి ఫోనుకి పంపింది. ఆయన నొక్కాడు. పేరేంటని గానీ, ఎవరు నువ్వని గానీ అడక్కుండా తెరుచుకుంది. ఆయన దాన్ని నీళ్ళ ఆఫీసులో పక్క కుర్చీ మనిషికి పంపి చూశాడు, అతనికీ తెరుచుకుంది. ఆ పద్ధతి అక్కడితో కొట్టేసింది.

"పేరు పేరునా ఇద్దరి మెయిలుకే ఇవ్వొచ్చు, వేరేవాళ్ళు నొక్కితే తెరుచుకోదు" అంది మేనకోడలు. బాగానే ఉందనుకుని కాలరక్కను మెయిలు అడిగింది.

"అది మా అల్లుడి ఫోన్లో ఉంటుందే. నాకేదొచ్చినా ఆయనే చూసి చెబుతాడు."

"నీ మెయిలు నీ దగ్గర లేదా?"

"నాకెందుకే? నాకు ఉత్తరాలు రాసేదెవరు?"

కాలరక్క అల్లుడు బుద్ధిమంతుడే. కానీ ఊళ్ళో ఆడవాళ్ళ కొలతలు ఆయన చూసి చెప్పడం ఏమిటి? అదీ కొట్టేసింది. గురువారానికల్లా టేపమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. ఒక కోటు మొత్తం విప్పి కుట్టడం ఇంతకంటే సుఖం.

చివరికి మేనకోడలు దారి చూపించింది. పదకొండు ఫొటోలూ ఒకే ఫైలుగా చేసి, దానికే తాళం వెయ్యాలి. గ్రూపుల జోలికి పోకుండా, దారిలో ఎవరూ విప్పి చదవలేని మెసేజిలో ఒక్కొక్కరికీ విడిగా పంపాలి. వారం తర్వాత మెసేజి దానంతటదే చెరిగిపోయేలా పెట్టాలి. తాళం మాట మాత్రం ఎక్కడా రాయకూడదు, నోటితోనే చెప్పాలి.

"ఏం మాట పెట్టమంటావే?"

"నువ్వు మరిచిపోనిది, ఇంకొకళ్ళు ఊహించలేనిది. పుట్టినరోజులూ ఫోన్ నంబర్లూ వద్దు."

"'మళ్ళీ విప్పు' అని పెడతాను. మాస్టారు రోజుకి వందసార్లు అనేవాడు."

"అది ఎవరికి తెలుసు?"

"ఆ బడిలో చదివిన నలభై ఇద్దరికీ."

"అత్తా!"

నాలుక కరుచుకుంది. బాగా ఆలోచిస్తే ముగ్గురికే తెలిసిన సంగతి ఒకటి దొరికింది. నేర్చుకునే రోజుల్లో మాస్టారి ఇటుకరంగు ప్యాంటు అంచు మడవమంటే, ముగ్గురూ కలిసి పొట్టిగా కత్తిరించేసి, ఇస్త్రీవాడి మీదకు తోసేశారు. మాస్టారు పోయేదాకా ఇస్త్రీవాడినే తిట్టుకున్నాడు. ప్యాంటు రంగు, ఎన్నంగుళాలు పొట్టి అయిందో ఆ లెక్క, రెండూ కలిపి అక్షరాల్లో రాస్తే అదే తాళం. ఫోన్లో ఎవరైనా విన్నా అర్థం కాదు.

శనివారం పొద్దున పుస్తకాలు బల్ల మీద పరిచింది. ప్రతి కాగితం మీదా పేరున్న చోట తెల్లకాగితం పట్టీ అంటించి, పైన ఒకటి నుంచి పదకొండు దాకా అంకె వేసింది. ఏ అంకె ఎవరో తన బుర్రలో తప్ప ఎక్కడా రాయలేదు. పదకొండో కాగితానికి పట్టీ మీద ఇంకో పట్టీ అంటించింది. ఫొటోలు తీసింది, ఫైలు చేసింది, తాళం వేసింది, పంపింది. తర్వాత ఇద్దరికీ ఫోన్ చేసి ప్యాంటు సంగతి గుర్తుచేసింది.

గుండీకి వెంటనే తెరుచుకుంది. కాలరక్కకు తెరుచుకోలేదు.

"ఎన్నంగుళాలని కొట్టావక్కా?"

"రెండు."

"మూడక్కా!"

"రెండే. కత్తెర పట్టింది నేనా, నువ్వా?"

"నువ్వు పట్టావు కాబట్టే రెండంటున్నావు!"

అరగంట పోట్లాట తర్వాత, "నీ తాళం కోసం మూడంటున్నాను గానీ నిజానికి రెండే" అని గొణుక్కుంటూ కాలరక్క కొట్టింది. తెరుచుకుంది. టేపమ్మ నాలుగు రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నది. పని అయిపోయింది, ఎవరి గుట్టూ వీధిన పడలేదని ఆమె ధీమా.

ఆదివారం పదింటికి గుండీ ఫోన్ చేసింది.

"అక్కా, ఆ పదకొండోది నాకిచ్చెయ్. మా పిల్ల వాళ్ళ హెడ్‌మిస్ట్రెస్ గారిదే కదూ?"

"ఎవరు చెప్పారే నీకు?"

"ఎవరో చెప్పాలా? పావురాయి రంగు మీద సన్నటి ఎర్రగీత! రోజూ పొద్దున్నే స్కూలు గేటు దగ్గర ఆ కోటే కదా చూస్తాను. పేరు మీద రెండు పట్టీలు అంటించావు, గుడ్డముక్క అలాగే వదిలేశావు!" అని కిలకిలా నవ్వింది.

నాలుగు రోజులు తాళాల కోసం ఊరంతా తిరిగిన మనిషి, కాగితం మూలన పిన్ను కొట్టిన ముక్కను చూడనే లేదు. చూడకపోవడం కాదు, ముప్పై ఒక్క ఏళ్ళుగా చూస్తూనే ఉంది కాబట్టి కనిపించలేదు. ఇంకెవరైనా అయితే పేరు చూసి మనిషిని గుర్తుపడతారు. పంపింది టైలర్లకి. వాళ్ళకి గుడ్డే పేరు.

"అది సరేగానీ," గుండీ ఆపలేదు, "ఎడమవైపు కొలత తప్పు రాసినట్టున్నావు. రెండంగుళాలు తక్కువేంటి? పైగా లోపల సంచి అని రాశావు. ఆవిడ పర్సు లోపల పెట్టుకుంటారా? చెయ్యి నొప్పిలో ఏదో రాసేసుంటావులే. రెండు వైపులా సమానంగా కత్తిరించేస్తాను, సరేనా?"

అవును తప్పే అంటే సరిపోయేది. ఒక్క మాట. గుండీ నమ్మేది, ఫోన్ పెట్టేసేది, విషయం అక్కడే పూడిపోయేది. టేపమ్మ నోరు తెరిచింది గానీ ఆ మాట రాలేదు.

"కత్తెర ముట్టుకోకు. నేను మళ్ళీ ఫోన్ చేస్తాను" అని పెట్టేసింది.

వెంటనే మేనకోడలికి చేసింది. పంపినదాన్ని వెనక్కి తీసుకోవచ్చా అని అడిగింది.

"పంపింది చెరిపెయ్యొచ్చు అత్తా. చూసింది చెరపలేం" అంది ఆ పిల్ల. చెరిపించింది టేపమ్మ, ఇద్దరి దగ్గరా. మనసు కుదుటపడలేదు.

జిరాక్సు షాపతన్ని అడిగింది. మొగుణ్ణి అడిగింది, మేనకోడల్ని అడిగింది, కాలరక్క అల్లుడి సంగతి కూడా విచారించింది. అడగాల్సిన ఒక్క మనిషిని తప్ప అందరినీ అడిగింది. తాళం ఎంత గట్టిదో చూసుకుంది గానీ, ఆ గుట్టు తనది కాదన్న సంగతే మరిచిపోయింది. ఇది తలకెక్కాక టేపమ్మకు తన మీద తనకే ఒళ్ళు మండింది. బీరువా తెరిచి, ఏడో పుస్తకంలోంచి ఆ కాగితం చింపింది. ముప్పై ఒక్క ఏళ్ళలో పుస్తకంలోంచి కాగితం చింపడం అదే మొదలు.

హెడ్‌మిస్ట్రెస్ ఇల్లు స్కూలు వెనక, రెండో అంతస్తు. దిగిపోతోంది కదా, క్వార్టరు ఖాళీ చెయ్యాలి. గదినిండా అట్టపెట్టెలు, పుస్తకాలు. ఆవిడ ఒక కుర్చీ మీద దుమ్ము దులిపి చూపించింది. టేపమ్మ కూర్చోలేదు. జరిగిందంతా మొదటి నుంచి చివరిదాకా నిలబడే చెప్పింది. తన తప్పు ఎక్కడా తగ్గించుకోలేదు.

ఆవిడ చాలాసేపు ఒక పెట్టె మూత తెరుస్తూ మూస్తూ ఉండిపోయింది.

"మీరు నాకు మాటిచ్చారు."

"ఇచ్చాను మేడం."

"ఇప్పుడు ఎంతమందికి తెలుసు?"

"కొలత చూసింది ఇద్దరు. మీరని తెలిసింది ఒక్కామెకి. ఎందుకలా ఉందో ఆమెకింకా తెలీదు. తప్పు పడిందనుకుంటోంది."

"మరి తప్పేనని అనెయ్యలేకపోయారా? నాకు తెలిసేది కాదుగా."

"అంటే కోటు పాడవుతుంది మేడం."

హెడ్‌మిస్ట్రెస్ తలెత్తి ఆమెను చూసింది. ఆవిడకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసి ఆపుకోలేక, పెట్టె మీద చెయ్యి ఆనించి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. టేపమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియక మెడలో టేపు సర్దుకుంది.

"మీ స్నేహితురాలు ఎలా కుడుతుంది?" అని అడిగింది చివరికి హెడ్‌మిస్ట్రెస్.

"కాజాలు నాకంటే బాగా కుడుతుంది. నోరే కొంచెం..." అని ఆగిపోయింది టేపమ్మ.

"ఫోన్ కలపండి."

"మేడం, వద్దు. నేను వేరే..."

"కలపండమ్మా. మళ్ళీ ఇంకో కొత్త మనిషికి చూపించడం నావల్ల కాదు. ఈసారి చెబితే నేనే చెబుతాను."

టేపమ్మ స్పీకరు పెట్టి కలిపింది, గుండీ ఫోనెత్తింది. అవతల మాట్లాడేది హెడ్‌మిస్ట్రెస్ అని తెలియగానే బిక్కచచ్చిపోయింది. "మేడం, మా పిల్ల మళ్ళీ కిటికీ పగలగొట్టిందా?" అంది.

"లేదు, మీ అమ్మాయి బాగానే ఉంది. కోటు సంగతి." ఆవిడ క్లాసులో హాజరు పిలిచే గొంతుతో నిదానంగా అంది. "ఎడమవైపు కొలత సరిగ్గానే రాశారు. అటువైపు నాకు ఆపరేషన్ అయింది. రొమ్ము తీసేశారు. సంచి అందుకు."

అవతలి నుంచి చాలాసేపు ఏమీ వినిపించలేదు. గుండీ ఫోన్లో అంతసేపు నోరు మూసుకుని ఉండటం టేపమ్మ ఎప్పుడూ ఎరగదు.

"అలాగే మేడం" అంది ఆఖరికి. "సంచి మూతికి గుండీ పెట్టమంటారా, ఊరికే మడత చాలా?"

"ఇన్నాళ్ళూ మడతే ఉంది."

"గుండీ అయితే వంగినప్పుడు మెత్త కదలదు మేడం. చిన్నది పెడతాను, ఒంటికి గుచ్చుకోదు."

హెడ్‌మిస్ట్రెస్ టేపమ్మ వైపు చూసింది. టేపమ్మ తలూపింది. నాలుగేళ్ళలో తనకు ఆ ఆలోచనే రాలేదు.

ఫోన్ పెట్టేశాక ఆవిడ కుర్చీలో కూర్చుంది. "ఈ మాట నోటితో అనడం ఇదే మొదటిసారి. మీతో కూడా అనలేదు. మీరు చూశారంతే." అని, టేపమ్మ తెచ్చిన కాగితాన్ని తిరిగి ఆమెకే ఇచ్చింది. "ఇది మీ దగ్గరే ఉండనివ్వండి. ఈ ముక్క మాత్రం తీసెయ్యండి. ఇంకోసారి ఎవరికైనా పంపాల్సొస్తే ముందు నన్నడగండి."

"అడుగుతాను మేడం." టేపమ్మ అక్కడే పిన్ను ఊడదీసి, పావురాయి రంగు ముక్కను ఆవిడ చేతిలో పెట్టింది.

సోమవారం ఆపరేషన్ అయింది. చేతికి మోచేతి దాకా కట్టు. చెరిపేసిన కొలతలు ఎవరి పనివి వాళ్ళకే టేపమ్మ ఫోన్లో నోటితో చెప్పింది. హెడ్‌మిస్ట్రెస్ కోటు గుడ్డను గుండీ ఇంటికి చేర్చింది మీటర్లాయన. సభ ఇంకో మూడు రోజులుందనగా, మధ్యాహ్నం గుండీ తనే మూట పట్టుకుని వచ్చింది. కూర్చున్నంతసేపూ నోటికి తెరిపి లేదు. దారం ధర పెరిగిందంది, కాలరక్క ఇప్పటికీ రెండంగుళాలే అంటోందంది, తన కూతురు నిజంగానే కిటికీ పగలగొట్టిందంది. కోటు గురించి, "బయట వేసినవి కొమ్ము గుండీలు, చూసుకో" అని తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. హెడ్‌మిస్ట్రెస్ పేరు ఎత్తలేదు. వెళ్ళిపోయింది.

టేపమ్మ ఎడమచేత్తో మూట విప్పింది. లోపల అస్తరుకి సంచి, సంచి మూతికి కందిగింజంత గుండీ. కాజా అంచు ఎంత నున్నగా ఉందో వేలితో తడిమి చూసుకుంది. కోటు కింద ఇంకో చిన్న మూట ఉంది. అందులో మిగిలిన గుడ్డముక్కలు.

ఎక్కడా ఏ టైలరూ మిగిలిన ముక్కలు తిరిగివ్వదు. పెద్దవి దేనికో వాడుకుంటారు, గోరంత ముక్క మాత్రం తమ పుస్తకానికి తప్పకుండా ఉంచుకుంటారు. మాస్టారు స్కేలు పెట్టి నేర్పిన అలవాటు అది. టేపమ్మ ముక్కలన్నీ బల్ల మీద పోసి, ఒక్కచేత్తోనే ఒకదాని పక్కన ఒకటి పేర్చింది. చంక వంపు దగ్గర పడినవి, కాలరు మూల పడినవి, చేతుల అంచులు. ఏ ముక్క ఎక్కడిదో చెప్పక్కర్లేకుండా ఆమె చేతికి తెలుస్తుంది. అన్నీ కలిశాయి. గోరంత ముక్క కూడా తక్కువ కాలేదు. గుండీ పుస్తకంలో ఈ కోటుకి కాగితమే లేదన్నమాట. అనుమానించి పేర్చి చూసినందుకు టేపమ్మకు సిగ్గేసింది. ఏదీ తక్కువ కానందుకు ఏడుపొచ్చింది. కట్టున్న చెయ్యి అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది.

తర్వాత తన పుస్తకానికి ఒక ముక్క తియ్యాలని అలవాటుగా చెయ్యి వెళ్ళింది. పిన్నుల డబ్బా కూడా తెరిచింది. మూత పెట్టేసి, ముక్కలన్నీ తిరిగి మూటలో కట్టి కోటు పక్కన పెట్టింది.

"ఏవండీ, ఇది మేడంగారికి ఇచ్చి రావాలి. ఈ చిన్నమూట కూడా" అంది.

ఆయన రెండూ పుచ్చుకుని చెప్పులు వేసుకున్నాడు. మూటలో ఏముందని అడగలేదు. టేపమ్మ పదకొండో కాగితాన్ని ఏడో పుస్తకంలో పెట్టి బీరువా తాళం వేసింది. ఆ కాగితం మూలన రెండు పిన్ను చిల్లులు మాత్రం ఉన్నాయి.